జానెడు తీగ

ముజీబ్ భాయ్ పోయిన నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థనకు కరీంనగర్ వెళ్ళాను. పోయిన రోజున వెళ్ళలేదు. కబురు ఆలస్యంగా అందిందని అడిగినవాళ్ళందరికీ చెప్పాను గానీ అది అబద్ధం, పొద్దున్నే అందింది. ఆదిలాబాద్ బస్టాండ్ దాకా వచ్చి, చాయ్ తాగి, కళ్ళ ముందే రెండు కరీంనగర్ బస్సులు వెళ్ళిపోతుంటే చూసి, మళ్ళీ ఇంటికి నడిచి వెళ్ళాను. ఆ ఇంటి గడప తొక్కాలంటే ఇరవై ఏళ్ళకు పైగా నాకు కాళ్ళు ఆడవు. ఎందుకు ఆడవో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఈ పుస్తకంలో మిగతా అధ్యాయాలన్నీ రాసి, దీన్ని మాత్రం దాటేస్తూ వచ్చాను.

భోజనాలు నడుస్తుండగా ముజీబ్ భాయ్ కూతురు షాహీన్ ఒక అట్టపెట్టె తెచ్చి నా పక్కన పెట్టింది. నేను వాళ్ళ నాన్న స్టూడియోలో పనిచేసిన రోజుల్లో రెండు జడలతో తిరిగే పిల్ల. ఇప్పుడు హుజూరాబాద్‌లో కాపురం, ఇద్దరు పిల్లల తల్లి.

"దుకాణం ఖాళీ చేస్తుంటే దొర్కింది అన్నా. పైన మా అబ్బా నీ పేరు రాసి పెట్టిండు," అంది. కాసేపు కొంగు సర్దుకుంటూ నిలబడింది. "ఒక మాట అంట, ఏమనుకోకు. మా అబ్బా తరఫున నేను మాఫీ అడుగుతున్న. ఆయన ఆనాడు సస్తా కార్డు తెమ్మనకపోతే మీ బాపు గొంతు మీకు ఉంటుండె."

నా నోట్లో ముద్ద ఉంది. అది మింగి ఏదో అనేలోపు లోపలి నుంచి ఎవరో పిలిచారు, ఆమె వెళ్ళిపోయింది. ముద్ద లేకపోయినా అనేవాణ్ణి కాదేమో. పెట్టె చంకన పెట్టుకుని దొంగలా బయటికొచ్చాను.

ఆ అట్టపెట్టె ఒక కంప్యూటర్ కార్డుది. ఆ రోజుల్లో దాన్ని మల్టీమీడియా కార్డు అనేవాళ్ళు. కంప్యూటర్‌లో దాన్ని గుచ్చితే బొమ్మ బాగా కనబడుతుంది, టీవీ వస్తుంది, రేడియో వస్తుంది, వీడియో క్యాసెట్‌లో ఉన్నది కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది, కంప్యూటర్‌లో ఉన్నది మళ్ళీ టీవీకి దిగుతుంది. అన్ని పనులకూ ఒక్కటే కార్డు. ఇప్పటి పిల్లలకు ఇదేం పెద్ద సంగతి కాదు, జేబులో ఫోను ఇంతకు పదింతలు చేస్తుంది. మాకు మాత్రం అది మహా వైభోగం.

అది రాకముందు మా ఇంటి సంగతి చెప్పాలి. నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలిచేవాణ్ణి. బాపు మస్కట్‌లో ఉండేవాడు. హుస్నాబాద్ దగ్గరి పల్లెలో బర్రెనూ పొలాన్నీ చిన్నాయనకు అప్పగించి, నా చదువు కోసం అవ్వనూ నన్నూ కరీంనగర్‌లో ఒక రెండు గదుల ఇంట్లో పెట్టి వెళ్ళాడు. బాపుకు రాయడం రాదు, అవ్వకు చదవడం రాదు. ఫోను చేస్తే నిమిషాలు లెక్కపెట్టుకోవాలి, ఆ కంగారులో ఇద్దరూ "మంచిగున్నవా", "మంచిగున్న" అని పెట్టేసేవాళ్ళు. అందుకని బాపు ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి క్యాంపులో ఎవరిదో కెమెరా అడిగి, దాని ముందు కూర్చుని మాట్లాడి, ఆ క్యాసెట్‌ను సెలవు మీద వచ్చేవాళ్ళతో పంపేవాడు. లుంగీలో చుట్టి వచ్చేది క్యాసెట్. ముడి విప్పగానే సబ్బు, అత్తరు, ఖర్జూరం కలిసిన వాసన గదంతా నిండేది. ఆ లుంగీని అవ్వ నెల దాకా ఉతికేది కాదు.

మాకు టీవీ లేదు. క్యాసెట్ వచ్చిన మర్నాడు టీవీ, వీసీఆర్ ఒక పూటకు కిరాయికి తెచ్చేవాణ్ణి. అవ్వ పొద్దున్నే వాకిలి ఊడ్చి, తలస్నానం చేసి, సర్వపిండి చేసి, పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుని, బాపు నిజంగానే గుమ్మంలోకి వస్తున్నట్టు తయారయ్యేది. మొదటిసారి వేసినప్పుడు వాడకట్టు వాళ్ళంతా వచ్చేవాళ్ళు, నవ్వుకునేవాళ్ళు, తలా ఒక సర్వపిండి ముక్క తిని వెళ్ళేవాళ్ళు. రెండోసారి అవ్వ తలుపు దగ్గరికి వేసుకుని ఒక్కతే చూసేది. నన్ను కూడా ఉండనిచ్చేది కాదు. బయట అరుగు మీద కూర్చుంటే లోపలి నుంచి రెండు గొంతులూ వినబడేవి. బాపు అడిగినదానికల్లా ఆమె జవాబు చెప్పేది.

"ఏమే, మంచిగున్నవా?"

"మంచిగున్న."

"ఊర్ల బర్రె ఈనిందా?"

"ఈనింది. దుడ్డె."

"మోకాళ్ళు నొస్తున్నయన్నవట. నీళ్ళ బిందెలు పోరనితోని మోపియ్యి. వాడు చెయ్యి పెట్టడు, జర బెదిరియ్యి."

దానికి మాత్రం ఆమె జవాబు చెప్పకుండా నవ్వేది. అలా మూడు క్యాసెట్లు పోగయ్యాయి. మూడోదానిలో బాపుకు మాటలు అయిపోయి, గది చూపించాడు. మంచం, ఫ్యాను, అన్నం వండుకునే గిన్నె, గోడకు మేకు. ఆ మేకుకు నేను పదో తరగతిలో దిగిన ఫోటో.

డిగ్రీ మధ్యలో వదిలేసి నేను ముజీబ్ భాయ్ స్టూడియోలో చేరాను. మా ఇంటికి రెండు గల్లీల అవతల. పెళ్ళిళ్ళ వీడియోలు తీయడం, మిక్సింగ్ చేయడం ఆయన పని. జిల్లాలో సగం పెళ్ళిళ్ళు గల్ఫ్‌లో ఉన్న తండ్రి కోసమో అన్న కోసమో తీసేవే. పెళ్ళికి రాలేని మనిషి అక్కడ కూర్చుని చూడాలి. అందుకని ముజీబ్ భాయ్ తాళి కట్టే ఘట్టాన్ని ఎంత జాగ్రత్తగా తీసేవాడో, పిల్ల తల్లి కళ్ళు తుడుచుకోవడాన్ని కూడా అంతే జాగ్రత్తగా తీసేవాడు. "పెండ్లి ఇక్కడున్నోళ్ళకు కాదు శంకర్, రానోళ్ళకు తీయాలె," అనేవాడు. అంతలో సీడీలు వచ్చాయి. మస్కట్, దుబాయి నుంచి క్యాసెట్ వద్దు, సీడీ పంపండి అని కబుర్లు మొదలయ్యాయి. క్యాసెట్‌ను సీడీ చేయాలంటే ఆ కార్డు కావాలి.

నెల రోజులు ఆ కార్డు గురించే ఆలోచించాను. కంప్యూటర్ పత్రికలు తెచ్చి, ఇంగ్లీషు కూడబలుక్కుని చదివి, నోటుబుక్కులో ఒక పేజీకి నిలువుగా గీత గీసి, ఎడమ పక్క చిన్న కార్డు, కుడి పక్క పెద్ద కార్డు అని రాశాను. రెండూ ఒకే కంపెనీవి. రెంటిలోనూ టీవీ ఉంది, రేడియో ఉంది, రిమోట్ ఉంది, క్యాసెట్ ఎక్కుతుంది. పెద్దదానికి అదనంగా, కంప్యూటర్ బయట పెట్టుకునే ఒక ఊదారంగు డబ్బా. బొమ్మకూ మాటకూ అన్ని తీగలూ దానికే గుచ్చుతారు. ఆ ఒక్క డబ్బాకు ధర ఇంచుమించు రెట్టింపు. నాకు అన్యాయమనిపించింది. బొమ్మ అదే, టీవీ అదే, రేడియో అదే. తీగలు వెనకాల గుచ్చితే ఏం, ముందు గుచ్చితే ఏం? నిజం చెప్పాలంటే నా మనసంతా రిమోట్ మీద ఉంది. మంచం మీద పడుకుని కంప్యూటర్‌లో టీవీ చానళ్ళు మార్చడం అప్పటికి జిల్లాలో ఎవరికీ లేదనుకుంటాను. అది చిన్నదానితోనూ వస్తుంది కదా. పేజీ అడుగున పెద్ద అక్షరాలతో రాశాను: పెద్దది వద్దు, డబ్బా దండుగ.

ముజీబ్ భాయ్ ఆ పేజీని కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"కంపెనోడు ఊకెనే ధర పెంచడు శంకర్. గా డబ్బాల ఏదో ఉంటది. పెద్దదే తే."

"ఏం లేదు భాయ్, నేను మొత్తం చదివిన. పైసలు దండుగ."

"మెహంగా రోయే ఏక్ బార్, సస్తా రోయే బార్ బార్," అన్నాడు. ఎక్కువ ధర పెట్టినవాడు ఒకసారే ఏడుస్తాడు, తక్కువకు కొన్నవాడు మాటిమాటికీ ఏడుస్తాడని. నేను నవ్వాను. ముసలివాళ్ళ సామెతలతో కంప్యూటర్లు కొంటారా అన్నాను. అప్పటికి ఆయనకు నలభై కూడా లేవు. చివరికి, "సరే, చదివినోనివి నువ్వు. నీ ఇష్టం," అని ఏది కొన్నా సరిపోయేంత డబ్బు నా చేతిలో పెట్టి హైదరాబాద్ పంపాడు. చిన్నదే కొని, మిగిలిన డబ్బు తెచ్చి ఆయన చేతిలో పెట్టినప్పుడు నా అంత తెలివైనవాడు లేడనుకున్నాను. ఏనుగును కొని అంకుశానికి వెనకాడినట్టు అని మా పెద్దవాళ్ళు అనే మాట నాకు తెలియక కాదు, అది నాకోసం పుట్టిందని తెలియలేదు.

దుకాణంవాడు పెట్టె కట్టిస్తూ ఏదో చెప్పాడు. నేను రిమోట్‌కు బ్యాటరీలు ఊరికే వెయ్యమని బేరమాడుతున్నాను, వినలేదు. వాడు చెప్పింది తీగ గురించి. చిన్న కార్డులో మాట తనంతట తాను కంప్యూటర్‌లోకి వెళ్ళదు. కార్డుకూ సౌండ్ కార్డుకూ మధ్య జానెడు తీగ ఒకటి గుచ్చాలి. దాన్ని ఒక పాలిథిన్ సంచిలో పెట్టి పెట్టె అడుగున, అట్ట కింద వేశారు. పెద్దదాని డబ్బా ఆ పనే చేస్తుంది.

"మొదలు ఏదన్న పనికిరాని క్యాసెట్ మీద చూడు," అన్నాడు ముజీబ్ భాయ్, కార్డు గుచ్చిన రోజు. ఆయన నమాజుకు వెళ్ళగానే నేను ఇంటికి పరిగెత్తి బాపు క్యాసెట్లు తెచ్చాను. జిల్లాలో మొదటి సీడీ మా బాపుది కావాలని నా ముచ్చట. చెవుల్లో పెట్టుకునే తీగను కార్డుకున్న రంధ్రంలోనే పెట్టుకుని విన్నాను. బాపు గొంతు గలగలా వినబడింది. వినబడుతోంది కదా, ఎక్కుతోందనుకున్నాను. బొమ్మ ఎక్కింది. మాట నా చెవుల్లోకి వచ్చి అక్కడే అయిపోయింది.

మా స్టూడియోలో ఒక పద్ధతి ఉండేది. పని అయిపోయిన క్యాసెట్‌కు పైనున్న కాగితం చీటీ గీకేసి కిటికీ గూట్లో పెడతాం. చీటీ లేని క్యాసెట్ అంటే ఖాళీదని లెక్క. కెమెరా పట్టుకుని పెళ్ళికి వెళ్ళేవాడు అందులోంచి తీసుకెళ్ళి దాని మీదే మళ్ళీ తీస్తాడు. ఆ వారం వరసగా లగ్గాలు, కొత్త క్యాసెట్లు దొరకడం లేదు. సీడీ అయినాక క్యాసెట్లెందుకని బాపువి మూడింటి చీటీలూ నా గోళ్ళతో నేనే గీకాను, తడి గుడ్డతో తుడిచి మరీ గూట్లో పెట్టాను. మర్నాడు అవి హుస్నాబాద్ పెళ్ళికి వెళ్ళాయి.

నాలుగో రోజుకు సీడీలో మాట లేదని తెలిసింది. హైదరాబాద్‌కు ఫోను చేస్తే తీగ సంగతి చెప్పారు. అట్ట కింద వెతికి, గుచ్చాం, ఆ తర్వాత వచ్చిన పెళ్ళిళ్ళన్నీ బాజాలతో సహా ఎక్కాయి. "బాపు క్యాసెట్లు మళ్ళ ఎక్కించు," అన్నాడు ముజీబ్ భాయ్. నేను కిటికీ గూడు వైపు చూశాను. ఆయనా చూశాడు. తిట్టలేదు. నేనే ధైర్యం చెప్పాను, దసరాకు బాపు సెలవు మీద వస్తున్నాడు కదా భాయ్, ఎదురుగా కూర్చోబెట్టి ఎంతసేపంటే అంతసేపు తీసుకుందాం అని. అవ్వకు చెప్పలేదు. చెప్పాల్సినంత పెద్ద సంగతి అనిపించలేదు.

బాపు దసరాకు రాలేదు. క్యాంపు గదిలో పడుకున్నవాడు పొద్దున లేవలేదు. ఇరవై రోజులకు పెట్టె వచ్చింది, మూత తీయవద్దన్నారు.

దినాలు అయిన తర్వాత ఒక మధ్యాహ్నం అవ్వ, "బాపును వెయ్యి బిడ్డా," అంది. ముజీబ్ భాయ్ తన ఇంటి టీవీనీ, సీడీ పెట్టెనూ తనే మోసుకొచ్చాడు. నాకు ఆపే ధైర్యం లేదు, వేయకుండా ఉండే ధైర్యమూ లేదు. అవ్వ మంచి చీర కట్టుకోలేదు గానీ ముఖం కడుక్కుని వచ్చి కూర్చుంది. బాపు కనబడ్డాడు. పెదవులు కదులుతున్నాయి. అవ్వ కొంచెం ముందుకు జరిగింది.

"సౌండ్ పెంచు బిడ్డా."

నేను రిమోట్ నొక్కాను. మళ్ళీ నొక్కాను. తెర మీద పచ్చగీత చివరిదాకా వెళ్ళింది.

"ఇంక జర పెంచు. నాకు చెవులు సరిగ్గ లేవు గాదా."

అప్పుడు ముజీబ్ భాయ్ అన్నాడు. నా వైపు చూడకుండా, చేతులు కట్టుకుని నిలబడి అన్నాడు. "అక్కా, మాట ఎక్కలే. తప్పు నాది. శంకర్ పెద్ద కార్డు కొందామన్నడు. నేనే పైసలకు చూసుకున్న. సస్తది తెమ్మన్న. గా సస్తదాంట్ల మాట ఎక్కదు."

అవ్వ ఆయన వైపు తిరిగింది. "గా పైసలు నా కొడుకు జీతంల పట్టుకుంటే అయిపోతుండె గదా ముజీబూ," అంది. అంతే. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆమె ముజీబ్ భాయ్‌తో మాట్లాడలేదు.

మర్నాడు స్టూడియోలో అడిగాను, ఎందుకలా చెప్పావని. ఆయన కెమెరా అద్దం తుడుస్తూనే ఉన్నాడు. "నేను పరాయోణ్ణి. నా మీద కోపమొస్తే ఆమెకేం పోతది? నీ మీద వస్తే ఎవలింట్ల అన్నం తింటది?" అన్నాడు. "కొన్ని దినాలైనంక నువ్వే చెప్పు. తొందర లేదు."

తొందర లేదన్నాడు కదా, నేను పడలేదు. ఈ నెల కాదు వచ్చే నెల, సంవత్సరీకం అయ్యాక, ఉద్యోగం వచ్చాక. ప్రతి రంజాన్‌కూ ముజీబ్ భాయ్ ఇంటి నుంచి షీర్ ఖుర్మా, అంటే సేమ్యాల పాయసం, వచ్చేది. షాహీన్ రెండు చేతులతో గిన్నె పట్టుకుని, మీద అల్లిన గుడ్డ కప్పి తెచ్చేది. అవ్వ గడపలోనే నిలబడి, "మాకు వద్దు, తీస్కపో," అనేది. పిల్లను తిట్టేది కాదు, చెయ్యి కూడా చాపేది కాదు. నేను లోపలి గదిలో పుస్తకం పట్టుకుని కూర్చునేవాణ్ణి. తర్వాత, వదిలేసిన డిగ్రీ, దాని మీద బీఈడీ పూర్తిచేశాక టీచరు ఉద్యోగం వచ్చింది, ఆదిలాబాద్ అడిగి మరీ వేయించుకున్నాను, అవ్వను తీసుకెళ్ళాను. దూరం వెళ్తే మరిచిపోతామనుకునేవాళ్ళలో నేనొకణ్ణి.

ఆదిలాబాద్‌లో సొంత టీవీ కొన్నాక అవ్వ మళ్ళీ పక్కింటి పిల్లలతో బాపు సీడీ వేయించుకోవడం మొదలుపెట్టింది. మాట లేకుండానే. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి లోపల అవ్వ గొంతు వినబడింది. అరుగు మీద ఆగిపోయాను. "ఏమే, మంచిగున్నవా? ఊర్ల బర్రె ఈనిందా? మోకాళ్ళు నొస్తున్నయన్నవట..." బాపు పెదవులు కదిలేచోట సరిగ్గా బాపు మాటలు. అన్నీ ఆమెకు నోటికొచ్చు. అడిగేదీ ఆమే, జవాబు చెప్పేదీ ఆమే. ఆ రోజు లోపలికి వెళ్ళి కాళ్ళ మీద పడి చెప్పేస్తే బాగుండేది. చెప్పులు విడిచి మళ్ళీ తొడుక్కుని, చీకటి పడేదాకా బజారులో తిరిగాను.

అవ్వ పోయి రెండేళ్ళు. పెళ్ళి ఒకటి కుదిరి తప్పిపోయాక నేను మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఒంటికాయ శొంఠికొమ్ములా ఇలాగే ఉండిపోయాను. ఇప్పుడు నా ఫోనులో ఎవరి గొంతు కావాలంటే వారి గొంతు ఎక్కించుకోవచ్చు, ఎంతసేపైనా, ఊరికే. ఎవరి గొంతు ఎక్కించుకోను? బాపు గొంతు ఎలా ఉండేదో ఎంత తన్నుకున్నా గుర్తు రాదు. ఆయన మాటలు గుర్తొస్తే అవి అవ్వ గొంతుతోనే వస్తాయి.

ఆదిలాబాద్ తిరిగొచ్చాక రెండు రోజులు ఆ పెట్టె విప్పలేదు. ఆదివారం పొద్దున విప్పాను. కార్డు లేదు, అది ఎప్పుడో పాత సామానులో పోయి ఉంటుంది. రిమోట్ ఉంది. సన్న రబ్బరు బ్యాండ్‌తో చుట్టి ఆ జానెడు తీగ ఉంది. తీగ కింద నాలుగు మడతలు పెట్టిన నా నోటుబుక్కు పేజీ. నిలువు గీత, ఎడమ పక్క చిన్నది, కుడి పక్క పెద్దది. అడుగున నా అక్షరాలు: పెద్దది వద్దు, డబ్బా దండుగ. ఇన్నేళ్ళూ ఆ కాగితం ఆయన దగ్గరే ఉంది. ఒక్కసారి తెచ్చి మా అవ్వకు ఎవరితోనైనా చదివిస్తే ఆయన షీర్ ఖుర్మా మా ఇంట్లోకి వచ్చేది.

షాహీన్‌కు ఫోను చేశాను. మొదలుపెట్టడానికి చాలాసేపు పట్టింది, మొదలయ్యాక ఆగలేదు. కార్డు ఎంచింది నేను, మీ నాన్న పెద్దదే తెమ్మన్నాడు, క్యాసెట్లు తుడిచింది నేను, మీ నాన్న తన మీద వేసుకున్నాడు, నేను వేసుకోనిచ్చాను. నా చేతిరాతతో కాగితం కూడా ఉందని చెప్పాను. అటు పక్క కుక్కర్ కూత వేసింది.

"మరి అవ్వకు చెప్పినవా అన్నా?"

"చెప్పలే."

ఆమె పొయ్యి ఆపిన చప్పుడు వినబడింది. కోప్పడుతుందనుకున్నాను, కోప్పడితే బాగుండుననుకున్నాను కూడా.

"మీ ఇంటి కాడినుంచి గిన్నె పట్టుకొని మళ్ళొచ్చేటప్పుడు నాకు ఏడుపొచ్చేది. మా అబ్బా ఎంత పెద్ద తప్పు చేసిండో అనుకునేదాన్ని," అంది. "గా గిన్నె అబ్బా ఎవ్వల్ని ముట్టనియ్యకపోతుండె అన్నా. అమ్మీ అడిగినా పొయ్యకపోతుండె. ఒక్కడే కూసొని మొత్తం తాగేటోడు. గిది శంకరోళ్ళది, నేను తాగితే వాళ్ళే తాగినట్టు, అనేటోడు."